ముప్పై ఆరో కిలోమీటరు

నాకు కాలు ఒకచోట నిలవదు. కుర్చీలో కూర్చున్నా ఊపుతూనే ఉంటాను. నేను మెట్లు దిగితే బిల్డింగంతా అదురుతుందని కూర్మన్నపాలెంలో మా కింది వాటావాళ్లు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. అలాంటిదాన్ని నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తమంటే పండగే కదా. పోయినేడాది వరకూ పండగే అనుకున్నాను.

పోయినేడాది బీచ్ రోడ్డు మారథాన్‌లో ముప్పై ఆరో కిలోమీటరు దగ్గర ఆగిపోయాను. కాలు బెణికిందని అందరికీ చెప్పాను. మా ఆయన ఉదయ్‌కుమార్ పాపం, బెణకని కాలికి వారం రోజులు బామ్ రాశాడు. అబద్ధం ఆడిన కాలు కూడా ఊరికే ఉండక, బామ్ మంటకి ఎర్రగా వాచి నాకు సాక్ష్యం పలికింది.

అసలు సంగతి కడుపు. ముప్పై నాలుగు దాటగానే లోపల చెయ్యి పెట్టి దేవినట్టయింది. రోడ్డు పొడుగునా ఎక్కడా బాత్రూమ్ లేదు. మగాళ్లు గోడవైపు తిరిగి పని కానిచ్చుకుని మళ్లీ పరుగులో కలిసిపోతున్నారు. నేను పళ్ల బిగువున రెండు కిలోమీటర్లు లాగాను. జోడుగుళ్లపాలెం దగ్గర, పట్టపగలు, రోడ్డు మీద, నిలబడినచోటే అయిపోయింది. ముప్పై ఏళ్ల ఆడదాన్ని. వెనకనించి ఎవరో నవ్వారు. నన్ను చూసి నవ్వారో, వాళ్ల మాటల్లో వాళ్లు నవ్వుకున్నారో నాకిప్పటికీ తెలీదు. స్తంభానికి వేలాడుతున్న ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ లాగి నడుముకి చుట్టుకుని ఆటో ఎక్కాను. దారంతా ఆ పెద్దమనిషి నా ఒళ్లో దండం పెడుతూనే ఉన్నాడు.

అయినా ఈ ఏడు మళ్లీ పేరిచ్చాను. ఆ చోటు దాటాలి. దాటకపోతే జీవితాంతం బీచ్ రోడ్డు మీద తలొంచుకునే తిరగాలి. నాకున్న పంతం అదొక్కటే.

ఉక్కునగరం రోడ్ల మీద మాకు పరుగు నేర్పే వీరేంద్రకి సగం నిజం చెప్పాను, కడుపు కాస్త ఇబ్బంది పెడుతోందని. అతను ఆశ్చర్యపోలేదు. దూరం పరిగెత్తేవాళ్లలో చాలామందికి ఉండేదేనన్నాడు. రక్తమంతా కాళ్లకి పోతుంది, పేగులకి చాలదు, అవి తిరగబడతాయి. ఒక క్యాప్సూల్ పేరు రాసిచ్చాడు. అందులో బతికున్న మంచి బాక్టీరియా ఉంటుందట. రోజుకొకటి, కనీసం నెలముందునించీ వేసుకోవాలట. "అందరికీ పనిచేస్తాయని చెప్పలేను మేడమ్, కొందరికి బాగా పనిచేస్తాయి," అన్నాడు. ఆ కొందరిలో నేనున్నానని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

ఇంట్లో పెట్టుకోవడానికి లేదు. మా ఫ్రిజ్ మా అత్త ఆదిలక్ష్మమ్మ ఏలుబడిలో ఉంటుంది. ఏ గిన్నె ఏ అరలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఈ డబ్బా చూస్తే ఎందుకంటుంది, ఎందుకో చెబితే ఎప్పుడంటుంది, చివరికి ఆ ఫ్లెక్సీ దాకా లాగుతుంది. అందుకని స్కూటర్ డిక్కీలో దాచాను. పోర్టు దగ్గర కంటైనర్ యార్డులో గేటు పాసులు రాయడం నా ఉద్యోగం. స్కూటర్ యార్డులో, దుమ్ములో, ఎండలో ఉంటుంది. పొద్దున్నే డిక్కీ తెరవడం, ఒకటి మింగడం, మూసెయ్యడం. ఏడు వారాలు అలా సాగింది. ఆ ఏడు వారాల్లో ఒకసారి ముప్పై, ఒకసారి ముప్పై రెండు కిలోమీటర్లు పరిగెత్తాను. కడుపు నోరెత్తలేదు.

అత్త గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ ఇంటి బయట చుక్క నీళ్లు ముట్టదు. పెళ్లికెళ్లినా, ఆస్పత్రికెళ్లినా అంతే. గాజువాకలో ఒక పెళ్లిలో ఎండకి కళ్లు తిరిగి పడిపోయింది కానీ గ్లాసు పట్టుకోలేదు. ఎదుటివాళ్ల నీళ్లు అంటే ఎంత గీరో అనుకునేదాన్ని. ఒకసారి ఉదయ్‌తో అన్నాను కూడా.

పరుగుకి సరిగ్గా వారం ముందు, ఆదివారం, నేను స్నానానికి వెళ్తే అత్త కూరల సంచీ కోసం డిక్కీ తెరిచింది. బయటికొచ్చేసరికి డబ్బా బల్ల మీద ఉంది.

"ఏటిది? ఎవురికి జబ్బు? నీకా, నా కొడుక్కా?"

"జబ్బు కాదత్తా. కడుపు బాగుండడానికి ఏసుకుంతన్నాను."

"ఏటుంటాది ఇందులో?"

"పెరుగులో ఉంటాయి సూడు, అలాటి మంచి పురుగులు. బతికుంటాయి."

అత్త డబ్బాని చెంపకి ఆనించుకుంది. "కాలిపోతన్నాది. ఎన్నాళ్లనించి ఉన్నాది ఆ డిక్కీలో?"

"ఏడు వారాలు."

"ఓలమ్మో! తోడుగిన్నె తీసుకెల్లి ఎండలో ఎడితే బతుకుతాదేటే? పెరుగు తోడెట్టడం కూడా తెలీకుండా పెంచినాదేటి మీయమ్మ?"

మా అమ్మని అన్నందుకు నాకు ఒళ్లు మండింది. అవి మామూలు పురుగులు కావు, కంపెనీవాళ్లు చేసినవి అన్నాను. కంపెనీ పురుగుకి మాత్రం ఎండ తగలదేటి అంది అత్త. మాటల్తో తేలేది కాదని, సాయంత్రం గోరువెచ్చని పాలు రెండు గిన్నెల్లో పోసింది. ఒకదాంట్లో తన తోడు వేసింది. ఇంకోదాంట్లో నా క్యాప్సూల్స్ రెండు విప్పి పొడి కలిపింది.

"బతికున్నాయో సచ్చిపోనాయో పాలే సెప్తాయి," అంది.

పొద్దున్న ఒక గిన్నెలో పెరుగు గట్టిగా, గిన్నె వంచినా కదలకుండా ఉంది. రెండోదాంట్లో పాలు పాలల్లాగే ఉన్నాయి, పైన తెల్లటి పొడి తేలుతోంది. అత్త రెండు గిన్నెలూ నా ముందుకి తోసి, "సచ్చిపోనాయి," అంది.

వీరేంద్రకి ఫోన్ చేశాను. అతను నవ్వాడు. "అన్ని రకాలూ పాలని తోడుపెట్టవు మేడమ్. ఆ టెస్టుతో ఏటీ తేలదు." నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంతకీ ఎక్కడ పెట్టినారండి? ఫ్రిజ్‌లోనేనా?"

డిక్కీ అన్నాను.

"ఇరవై అయిదు డిగ్రీలు దాటకూడదని డబ్బా మీద రాసుంటది. సూడలేదేటండి?"

చూడలేదు. దాచే తొందరలో ఉన్నదానికి చదివే తీరికెక్కడిది?

మరి ఏడు వారాలు నా కడుపుని పట్టి ఉంచింది ఏమిటి? చచ్చిన పొడా? నమ్మకమా? ఏదైతేనేం, ఆ సోమవారం పొద్దున్నతో ఆ పట్టు కాస్తా వదిలిపోయింది. మధ్యాహ్నానికి కడుపు గుడగుడలాడటం మొదలుపెట్టింది. మంగళవారం యార్డులో పాసుల మీద ఒక లారీ నంబరు బదులు ఇంకో లారీ నంబరు వేశాను, డ్రైవర్ల చేత తిట్లు తిన్నాను. తెల్లన్నం తప్ప ఏదీ ముట్టలేదు. కూర్చోలేను, పడుకోలేను, ముళ్ల మీద ఉన్నట్టుంది. రోడ్డు కనిపిస్తే చాలు, ఇక్కడ బాత్రూమ్ ఎక్కడుందా అని కళ్లు వెతుకుతున్నాయి.

బుధవారం సాయంత్రం ఓడిపోయాను. ఆదివారం సెలవు దొరకలేదు, పరిగెత్తను అని వీరేంద్రకి మెసేజ్ రాసి, పంపబోతున్నాను. అత్త చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నా ఎదురుగా కూర్చుంది.

"మందు ఫ్రిజ్‌లో ఎడితే నానేటి తినీసీదాన్నా? ఎందుకు దాసినావు?"

అంతే, కోపం పొంగుకొచ్చింది నాకు. "సెప్తే ఈదిలో అందరికీ సెప్తావని! నవ్వుతావని!" అని అరిచాను. అరుస్తూ అరుస్తూ అంతా చెప్పేశాను. కాలు బెణకలేదని, ఏం జరిగిందో, ఎలా ఇంటికొచ్చానో, ఫ్లెక్సీ సంగతితో సహా. చెప్పాక ఏడుపొచ్చింది. సిగ్గుతో అత్త మొహం చూడలేకపోయాను.

అత్త నవ్వలేదు. చేతిలో కాయ పక్కన పెట్టింది.

"పదకొండేళ్లు పూర్ణా మార్కెట్ కాడ రోడ్డు మీద గంపెట్టుకుని ఆకుకూరలు అమ్మినాను," అంది. "కోడి కూయకముందెల్తే మజ్జానం దాకా లెగడానికి నేదు. మగోలు గోడమ్మట ఎలిపోయీవోరు. మేమేటి సేత్తాం? నీళ్లు తాగడం మానీసినాం. ఒకనాడు కడుపు సెడిపోనాది. గంప ఇడిసి ఎలిపోతే సరుకు పోతాది. కూకున్నాను. కూకున్న కాడే అయిపోనాది. గోంగూర కట్టలు కట్టుకొచ్చిన గోనె నడుముకి సుట్టుకుని ఇంటికొచ్చినాను. మీ మావకి కూడా సెప్పనేదు. ఇప్పుడు నీకే సెప్పడం."

కొంగుతో మొహం తుడుచుకుని అంది. "ఇప్పటికీ ఇంటి బయట గుటకేద్దామంటే గుండె దడదడలాడిపోతాది."

గీర అన్నాను నేను ఆ మనిషిని. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"ఏ కాడ జరిగినాది నీకు?"

"జోడుగుళ్లపాలెం సందు మొగలో స్తంభం కాడ."

"సన్యాసమ్మ ఊరు. నా పక్కనే కూకుని సేపలమ్మీది," అంది అత్త. కాయలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఆ మెసేజు పంపకు."

మర్నాడు నేను యార్డునించి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. అత్త చీకటి పడే వేళకి బస్సు దిగి వచ్చింది. ఎక్కడికెళ్లావంటే పనున్నాదంది.

ఆదివారం తెల్లవారుజామున ఉదయ్‌కి ప్లాంటులో మొదటి షిఫ్టు. నన్ను బీచ్ దగ్గర దింపి డ్యూటీకి పోతానన్నాడు. గుమ్మం దాటుతుంటే అత్త నా అరచేతిలో పెరుగు, పంచదార వేసింది. మంచి పనికి వెళ్లేవాళ్లకి మా ఇంట్లో అలా పెట్టకుండా పంపరు. పరుగుకి ముందు పాలూ పెరుగూ వద్దని వీరేంద్ర వందసార్లు చెప్పాడు. అత్త చూస్తోంది. నాకేశాను.

పరుగు మొదలైంది. అందరూ సముద్రం చూస్తూ పరిగెత్తుతున్నారు. నేను నా కడుపు వింటూ పరిగెత్తాను. పదో కిలోమీటరు, ఏమీ లేదు. ఇరవై ఒకటి, భీమిలి వైపునించి వెనక్కి తిరిగాం, ఏమీ లేదు. ముప్పై దాకా గడియారం నాకు అనుకూలంగానే ఉంది. అయిదు గంటల్లోపు పూర్తిచెయ్యాలని నా లెక్క. ముప్పై నాలుగు దాటగానే లోపల మెల్లగా తిప్పడం మొదలైంది. ఆ పెరుగే అనుకున్నాను. కాదు, భయమే అనుకున్నాను. ఏదైనా ఒకటే, తిప్పడం ఆగలేదు. పోయినేడాది ఆగిన స్తంభం దూరంగా కనిపించింది. చెమట చల్లబడిపోయింది.

ఆ స్తంభం కింద మా అత్త నిలబడి ఉంది.

పక్కన సన్యాసమ్మ కాబోలు, ఇంకో ముసలావిడ. అత్త చెయ్యి పైకెత్తింది. చేతిలో తాళంచెవి ఉంది. ఇంకా యాభై గజాలుండగానే, ముందూ వెనకా పరిగెత్తేవాళ్లూ, వాళ్లకి చప్పట్లు కొట్టేవాళ్లూ, మంచినీళ్లిచ్చేవాళ్లూ అందరూ వినేలా అరిచింది.

"బిందూ! దొడ్డికొత్తందేటే?"

బీచ్ రోడ్డంతా నావైపు తిరిగింది. చచ్చిపోయాననుకున్నాను. ఏడాదిపాటు ఏ మాట ఎవరి చెవినా పడకూడదని దాచానో, ఆ మాట మా అత్త సముద్రం హోరుని మించి అరిచేసింది. ఇంక దాచడానికేం మిగల్లేదు. నేనూ అరిచాను.

"ఒత్తందత్తా!"

ఎవరో నవ్వారు. ఈసారి నన్ను చూసే నవ్వారు. నవ్వుకోనీ.

రోడ్డు పక్క సందులో రెండో ఇల్లు సన్యాసమ్మది. పెరట్లో బాత్రూమ్ తాళం అత్తే తీసింది. లోపల ముగ్గు వేసుకోవచ్చన్నంత శుభ్రంగా కడిగి ఉంది. బకెట్ నిండా నీళ్లు, కొత్త సబ్బు. అత్త గురువారం చేసుకొచ్చిన పని అదన్నమాట. నేను బయటికొచ్చేసరికి నంబరు కట్టుకున్న ఒకమ్మాయి గుమ్మం దగ్గర మెలికలు తిరిగిపోతోంది. "ఆంటీ, నేను కూడా..." అంటుంటే, "అడుగుతావేటమ్మా, ఎల్లు ఎల్లు," అంది అత్త. నా చేతుల మీద చెంబుతో నీళ్లు పోసి, వీపు మీద ఒక్కటి చరిచింది. "బేగెల్లు. సూత్తావేటి?"

అయిదు గంటల ఏడు నిమిషాలు పట్టింది. అనుకున్న సమయం దాటిపోయింది. పతకం మెళ్లో వేశారు, ఎవరో ఫొటో తీశారు. నేను నిలవలేక ఆటో ఎక్కి వెనక్కి, జోడుగుళ్లపాలెం వచ్చేశాను.

అత్త ఇంకా అక్కడే ఉంది. గొంతు బొంగురుపోయింది. ఎండ నెత్తికెక్కింది. వెనకబడినవాళ్లు ఈడ్చుకుంటూ వస్తుంటే, ఆడమనిషి కనిపిస్తే చాలు, "అమ్మాయ్, బాత్రూమ్ కావాలేటి?" అని అడుగుతోంది. ఇప్పటికి పదమూడుమంది వెళ్లారని సన్యాసమ్మ చెప్పింది.

నా చేతిలో నీళ్ల సీసా ఉంది. తాగదని తెలిసీ అలవాటుగా చాపాను. అత్త అందుకుంది. మూత తీసింది. తల వెనక్కి వాల్చి, రోడ్డు మీద, అందరి ముందూ, గటగటా సగం సీసా తాగేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మూతి తుడుచుకుంది.

"అలా సూత్తన్నావేటే? తాళం నా కాడే ఉన్నాది కదా," అంటూ మిగతా సగం కూడా తాగేసింది.