తుప్పు రంగు

పాత మోటార్‌సైకిళ్ల తుప్పు వదలగొట్టి రంగులేసే ఆవిడను అందరూ రంగుల పిన్ని అంటారు. ఒకరోజు ఓ షోకిలా రాయుడు పాత మోడల్‌లా కనిపించే కొత్త బండి తెచ్చాడు.

"పిన్నీ, దీని ట్యాంకుకి తుప్పు పట్టినట్టు రంగెయ్యవా? పాత బళ్ల పోటీలో మా తాతదని చెబుతా."

"మీ తాతకి బండుండేదా?"

"ఆయనకి సైకిలే రాదు."

పిన్నికి ఒళ్లు మండింది. "తుప్పు గీకి గీకి నా గోళ్లరిగాయి. ఇప్పుడు నా చేత్తోనే పట్టించమంటావా? ఫో!"

వాడు పక్క షాపులో వేయించుకున్నాడు. పోటీలో మొదటి బహుమతి దానికే వచ్చింది.

"ఎనభై ఏళ్ల చరిత్ర కళ్లకు కడుతోంది" అన్నాడు జడ్జి.

పోటీ చూడ్డానికొచ్చిన పిన్ని ఆగలేకపోయింది. గుడ్డ మీద థిన్నర్ పోసి ట్యాంకును తుడిచింది. తుప్పంతా గుడ్డకొచ్చింది.

"ఇదిగోనయ్యా, మీ చరిత్ర!" అని ఆ గుడ్డను ఆయన చేతిలో పెట్టింది.

జడ్జి తల దించుకున్నాడే గానీ, బహుమతి వెనక్కి తీసుకోలేదు.