బోర్డు మీద అత్తయ్య

మా మరిది కియాన్ లియోంగ్ పుల్లటి చేపల పులుసులో సేమ్యా వేసి లక్సా అమ్ముతాడు. వాడి దుకాణం బోర్డు మీద మా అత్తయ్య ఫొటో ఉంది. దాని కింద ఎర్రక్షరాలతో ‘అమ్మ చేతి రుచి’ అని రాయించాడు. ఆ చేతి రుచి వాడికేం తెలుసు? ఆ చేతి పక్కన కూచుని ఉడికిన చేపలకు ముళ్ళు తీసింది నేను. ఆ చెయ్యి పడిపోయాక గంజి తాగించింది నేను. వాడు ఆవిడ పోయిన నాడు వచ్చి, గుండెలు బాదుకుని ఏడ్చి, ఫొటో పట్టుకుపోయాడు.

ఆ ముఖం బోర్డు మీంచి దిగాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

అందుకే రోజూ మధ్యాహ్నం అక్కడికే వెళ్ళి తినేదాన్ని. తినడమంటే, బోర్డు కిందున్న బల్ల దగ్గర కూచుని, చెంచాలో ఇచ్చిన నల్లటి రొయ్యల ముద్దను పులుసులో కలిపి, ఒక్క గుక్క తాగి, గిన్నె పక్కకు నెట్టి లేచిపోవడం. మా ఊరి బాలిక్ పులావ్ జనం అది చూసి గుసగుసలాడుకునేవారు. కానీ బస్సుల్లో దిగే పైఊరి జనానికి నేనెవరో తెలీదు. వాళ్ళు గిన్నె అడుగు కనపడేదాకా తాగి, బోర్డు ముందు ఫొటోలు దిగి మరీ వెళ్ళేవాళ్ళు.

“ఏం వదినా, ఇవాళా నచ్చలేదా? డబ్బిచ్చి మరీ అలిగేవాళ్ళని నిన్నే చూశాను” అనేవాడు మరిది.

“పులుపు అందలేదయ్యా. మీ అమ్మనడుగు, చెప్తుంది.”

ఆ మాట అన్నాకే నాకు ఉపాయం తట్టింది. అత్తయ్య తద్దినం దగ్గరపడింది.

“ఈసారి ఇంట్లో ఎందుకు మరిదీ? ఇక్కడే బోర్డు ముందు పెట్టు. నీ లక్సానే పెట్టు. నలుగురూ చూస్తారు” అన్నాను. వాడి కళ్ళు మెరిశాయి. అమ్మ తిన్నాక, వచ్చినవాళ్ళందరికీ ఒక్కో గిన్నె ఉచితమని ఊరంతా చెప్పుకొచ్చాడు.

మా చీనావాళ్ళలో, పోయిన పెద్దవాళ్ళు తిన్నారని తేలేదాకా ఆ వంట ఎవరూ ముట్టరు. తేల్చేది రెండు నాణేలు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే ఔనన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదన్నట్టు. నాణేల్లో నేను చేసిన మాయేమీ లేదు. నేను నమ్ముకున్నది అత్తయ్య మొండితనాన్ని.

మరిది అగరొత్తులు వెలిగించి, “తిన్నావా అమ్మా?” అని నాణేలు వేశాడు. రెండూ బొరుసే.

“అమ్మ ఎప్పుడూ నిదానంగానే తింటుంది” అని నవ్వాడు. మళ్ళీ వేశాడు. రెండూ బొమ్మలే. రొయ్యల ముద్ద తక్కువైందా అని అడిగాడు. కాదు. పుదీనా వాడిందా? కాదు. జనం ఖాళీ గిన్నెల ముందు కూచుని చూస్తున్నారు. వాడి మెడ మీద చెమట కారుతోంది.

“ఒరే, మీ అమ్మ బతికుండగా ఏ వంట మెచ్చింది గనక? నాకు ఆకలి దంచేస్తోంది” అన్నాడు చేపలమ్మే ఆసెంగ్.

అప్పుడు నేను నోరు విప్పాను. “ఫొటో దించమంటావా అని అడుగు మరిదీ.”

వాడు నా వైపు చూశాడు. అర్థమైంది వాడికి.

“అడగవయ్యా, పోయేదేముంది” అన్నాడు ఆసెంగ్. అందరూ తలలూపారు. వాడు అడగక తప్పలేదు.

బొమ్మ ఒకటి, బొరుసు ఒకటి.

నిచ్చెన వాడే తెచ్చుకున్నాడు. మేకులు వాడే పీకాడు. ఫొటో నా చేతిలో పెడుతూ, “కడుపు నిండిందా వదినా?” అన్నాడు మెల్లగా.

“ఇంకా లేదు. ఒక గిన్నె ఇటు పంపు” అన్నాను.

తిన్నావా అని మళ్ళీ నాణేలు వేస్తే ఔనని పడింది. జనం గిన్నెల మీద పడ్డారు. నేనూ చుక్క మిగల్చకుండా తాగాను. బాగుంది. ఎప్పుడూ బాగానే ఉండేది.

సాయంత్రం ఫొటోను మా వంటింటి గోడకు తగిలించి, స్వయంగా లక్సా వండాను. ఒక్క ముల్లు కూడా లేకుండా చూసి, గిన్నె ఆవిడ ముందు పెట్టి నాణేలు వేశాను. రెండూ బొరుసే. పులుపు తగ్గిందా అత్తయ్యా? కాదు. కారం ఎక్కువైందా? కాదు. గిన్నెలో సేమ్యా ఉబ్బిపోతోంది. ఆవిడ నన్ను ఎప్పటిలాగే చూస్తోంది.

ఇక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది, బోర్డు ముందు మరిదితో నేను అడిగించినదే.

నాణేలు డబ్బాలో వేసి మూత బిగించాను. ఆవిడ ఎదురుగానే కూచుని, ఆవిడ తినకముందే, ఆ గిన్నె నేను తినేశాను.