నల్లోడి ఆపరేషన్

చంద్రగిరిలో టైలర్ దేవేంద్ర రోజూ పొద్దున్నే షాపు తెరిచి, మిషనుకు నూనె పోసి, కుక్కను గుమ్మానికి కట్టేసేవాడు. దాని పేరు నల్లోడు. చుట్టుపక్కల ఆడకుక్క ఎదకొస్తే చాలు, నల్లోడి కాళ్లు నేల వదిలేవి. తాడు తెంచుకుని మెల్లగా పైకి లేచి, ముక్కు లాగిన వైపు మిద్దెల మీదుగా తేలిపోయేవాడు. బట్టలారేసే ఆడోళ్లు తలొంచి దారిచ్చేవాళ్లు.

మొన్న కార్తీకంలో కరెంటు తీగ తగిలి తోక కాలింది. అప్పటినుంచి ఆపరేషన్ చేయించమని దేవేంద్ర వాళ్లమ్మ సుబ్బులమ్మ ఒకటే పోరు. పశువుల డాక్టరు సునీల్‌కుమార్ కూడా అదే చెప్పినాడు. విత్తులు తీసేస్తే ఎగరడం ఆగిపోతుంది, నిమ్మళంగా బతుకుతాడని.

దేవేంద్రకే మనసొప్పలేదు. నలభై దాటినా అతనికి పెళ్లి కాలేదు. సంబంధాలు చూసే కుప్పయ్య కూడా ఆ గడప తొక్కడం మానేసినాడు.

“నాకెట్నూ లేదు. వానికన్నా ఉండనీమా,” అన్నాడు.

“వానికి ఉండాలంటే ముందు వాడుండాల గదరా,” అంది సుబ్బులమ్మ.

ఆ మాటతో మర్నాడు దేవేంద్ర తాడు చేతికి గట్టిగా చుట్టుకుని ఆసుపత్రికి బయల్దేరినాడు. సందు మలుపులో నల్లోడు ముక్కెత్తినాడు. వాడితోపాటు దేవేంద్రా లేచినాడు. పాలాయన బండి ఆపి, తీగలు చూసుకోమని చెప్పి వెళ్లిపోయినాడు.

ఇద్దరూ ఒక మిద్దె మీద దిగినారు. అక్కడ అంగన్‌వాడీ టీచరు ఉదయలక్ష్మి వడియాలు పెడతా ఉంది. మొగుడితో విడాకులై ఆమె ఒంటరిగా ఉంటోంది. దేవేంద్ర కాలు నేరుగా వడియాల్లో పడింది. ఆమె ముందు తన ఆడకుక్కను గదిలో తోసి గొళ్లెం పెట్టింది, తర్వాత ఎవరని అడిగింది. అతను కాలికంటిన పిండి తుడుచుకుంటూ కాలిన తోక సంగతి, ఆపరేషన్ సంగతి, అడక్కపోయినా తప్పిపోయిన సంబంధాల సంగతి కూడా చెప్పినాడు.

“బాధ వానికా, మీకా?” అంది ఆమె.

“నాకే,” అన్నాడు.

“అయితే నేనూ వస్తా, పదండి.”

ఆపరేషన్ అయ్యేదాకా దేవేంద్ర బెంచీ మీద చెమటలు కక్కినాడు. ఉదయలక్ష్మి పక్కనే కూర్చుని కొంగుతో విసిరింది. మత్తు దిగినాక నల్లోడు లేచి, గాలిని ఓసారి వాసన చూసి, తిండి గిన్నె దగ్గరికి నడిచినాడు.

తర్వాత ఆమె కుట్లు మానినాయా అని చూడ్డానికి షాపుకొచ్చింది. అవి మానినాక రవికలు కుట్టించుకోవడానికి వచ్చింది. కొలతలు సరిగ్గా ఉన్నా ఇంకోసారి వచ్చింది.

ఒక సాయంత్రం సుబ్బులమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతుంటే కొడుకు ఇంటికొస్తా కనిపించినాడు. ఒళ్లు చేసిన నల్లోడు నేల మీద బరువుగా నడుస్తున్నాడు. పక్కనే దేవేంద్ర చెప్పులు నేలకు జానెడు పైన ఉన్నాయి.

ఆమె చేట పక్కన పెట్టింది.

“ఎవురురా ఆ పిల్ల?” అంది.