ఇచ్చేసిన బంతి

గోల్ఫు క్లబ్బులో ఆట అంతగా రానివాళ్లకు లెక్కలో కొన్ని షాట్లు తగ్గిస్తారు. దాన్ని హ్యాండికాప్ అంటారు. పళ్ల డాక్టరు బావమరిది ఆ మినహాయింపు పోకుండా మామూలు ఆటలన్నీ కావాలని చెడగొట్టేవాడు. పోటీ రాగానే పులిలా ఆడి కప్పు ఎత్తుకెళ్లేవాడు. దీన్ని తెలివి అంటారు కొందరు. ఇది పచ్చి దొంగతనం. ఆ తప్పుడు స్కోర్ల కింద సాక్షి సంతకం డాక్టరుదే. ఇక అలా సంతకం పెట్టడానికి అతనికి మనసొప్పడం లేదు. క్లబ్బు కమిటీకి చెబుదామంటే ఇంట్లో భార్య ఊరుకోదు.

ఆ ఆదివారం ఇద్దరూ ఎదురెదురుగా ఆడుతున్నారు. మొదటి గుంటకు జానెడు దూరంలో బావమరిది బంతి ఆగింది. అతను తడబడుతున్నట్టు నటిస్తూ పక్కకు కొట్టబోయాడు.

"ఆగు. అది ఇచ్చేశాను, తీసుకో" అన్నాడు డాక్టరు.

ఇలాంటి ఆటలో ఎదుటివాడు ఇచ్చేస్తే బంతి పడినట్టే లెక్క. వద్దనడానికీ లేదు, కావాలని చెడగొట్టడానికీ లేదు.

రెండో గుంట దగ్గరా ఇచ్చేశాడు. మూడోదానికి బంతి బారెడు దూరంలో ఉన్నా ఇచ్చేశాడు.

"బావా, ఒక్కటన్నా కొట్టనివ్వవా?"

"సరిగ్గా కొడతానంటే నేనెందుకు ఆపుతాను?"

బావమరిది నవ్వబోయి మానుకున్నాడు. "అక్కకు చెప్పావా?"

"కమిటీకే చెప్పలేదు. మీ అక్కకు చెప్పే ధైర్యం నాకెక్కడిది?"

తర్వాతి గుంట దగ్గర డాక్టరు నోరు తెరవకముందే బావమరిది చేయి అడ్డం పెట్టాడు.

"ఉండు బావా, నేనే వేస్తాను."

వంగి నెమ్మదిగా తట్టాడు. బంతి గుంటలో పడింది.

"ఈసారి కప్పు కొండెక్కినట్టే" అని గొణుక్కుంటూ ముందుకు నడిచాడు.