కుడికి తిరిగిన పడవ

మెహరున్నీసా పట్టు పట్టిందంటే యారాడ కొండైనా పక్కకు జరగాల్సిందేనని పాతపోస్టాఫీసు వీధిలో అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమె మొగుడు మొహియుద్దీన్ పటాలు కడతాడు, అద్దాల మీద దుకాణాల పేర్లు రాస్తాడు. అద్దం వెనక తిరగేసి రాస్తేనే ముందు నుంచి సరిగ్గా కనబడుతుంది. ఆయనకు సాయం చేసి చేసి ఆమె చేతికీ ఆ తిరగేసే అలవాటు పట్టుకుంది. తీరిక దొరికితే అద్దం పలక మీద గాజుల ముక్కలంటించి పువ్వులూ పిట్టలూ చేసేది. డెబ్బై తొమ్మిదిలో, పటాలు కట్టించుకోవడానికొచ్చిన మ్యూజియం సన్యాసిరాజు వాటిని చూశాడు. గాజు ముక్కల బొమ్మల ప్రదర్శన పెడుతున్నాం, ఒకటి చేసివ్వమన్నాడు. ఇంకేముంది, ఆవిడ కాలు నేల మీద నిలవలేదు.

ఆ మాట విని గంగాలమ్మ వచ్చింది. వీధిలో చేపలమ్మే మనిషి. ఆమె మొగుడు దాలయ్య ముందటేడు వేటకెళ్లి తిరిగి రాలేదు. జాలరిపేటలో ఆడవాళ్లు ఆమె చేతుల గాజులు పగలగొట్టినప్పుడు, ఆ పచ్చ ముక్కల్ని ఏరి దాచుకుందట. ఇప్పుడా మూట విప్పి మెహరున్నీసా ఒళ్లో పోసింది.

"వీటితోటి మా పడవ సెయ్యి బీబమ్మా. ఎల్లింది సూసినాను, వొచ్చింది సూడ్నేదు. వొచ్చినట్టు పెట్టు."

మెహరున్నీసా మాటిచ్చింది. నీలం ముక్కలతో సముద్రం, పచ్చ ముక్కలతో పడవ. ఇంకేం అక్కర్లేదు. ఊరి ఒడ్డున సముద్రంకేసి నిలబడితే యారాడ కొండా, రేవూ కుడి చేతి వైపే. పడవ ముక్కు కుడికి తిరిగితే ఇంటికొస్తోంది, ఎడమకు తిరిగితే వేటకు పోతోంది. జాలరిపేటలో పాకే పిల్లకైనా తెలిసిన సంగతే.

పని అయ్యాక వెనక చెక్క బిగించి, గోడకానించి, గంగాలమ్మను పిలిచింది. గంగాలమ్మ చూసింది. పడవ ముక్కు ఎడమకు తిరిగి ఉంది.

"ఎల్లిపోతంది గదా," అంది.

మెహరున్నీసా నెత్తి కొట్టుకుంది. పాడు అలవాటు! కొట్లో పేర్లు రాసినట్టే పడవనూ తిరగేసి గీసేసింది. కానీ గాజు ముక్కల బొమ్మకు ముక్కలంటించిన వైపే ముందు వైపు. ఊడబీకుదామంటే నలిగిపోతాయి, మళ్లీ అలాంటి ముక్కలు ఏ బజార్లో దొరుకుతాయి? ఎవరికి తెలుస్తుంది, వదిలెయ్యమన్నాడు మొహియుద్దీన్. తెలియాల్సిన మనిషికి తెలిసిపోయిందని ఆమె కసిరింది. కసురుతూనే వెనక చెక్క ఊడదీసింది. పలకను వెలుగుకు పట్టి అవతలి వైపు నుంచి చూసింది. ఆ తర్వాత ఇంక ఎవరి మాటా వినలేదు.

సన్యాసిరాజు బొమ్మలన్నీ గోడకే వేలాడాలన్నాడు, మేకులు కూడా కొట్టించేశానన్నాడు. తనది గది మధ్యలో దూలానికి కట్టాలంది ఆమె. కుదరదన్నాడు. ఆమె పలకను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో చతికిలబడింది. ఆయన భోజనానికెళ్లొచ్చి చూస్తే అక్కడే ఉంది. బతిమాలాడు, విసుక్కున్నాడు. ఆమె కదిలితేనా!

"గోడకుంటే ఏటమ్మా నష్టం?" అన్నాడు.

"గోడకైతే ఎల్లిపోయే పడవే కనబడతాది బాబూ. నాను వొచ్చే పడవకి మాటిచ్చినాను."

ఆయనకేం అర్థమైందో గానీ, గొలుసు తెప్పించాడు.

ప్రదర్శన మొదలైన రోజు గంగాలమ్మ చేపల గంప బయట దించి లోపలికొచ్చింది. బొమ్మ ముందు నిలబడి, అదే పడవను చూసి తల దించుకుంది. మెహరున్నీసా ఆమె బోసి చెయ్యి పట్టుకుని, పలక చుట్టూ నడిపించి, అవతలి వైపు నిలబెట్టింది. కిటికీలోంచి పడే ఎండకు నీలం నీళ్లు వెలుగుతున్నాయి. పడవ ముక్కు కుడికి తిరిగి ఉంది.

పడవ ఒడ్డు దగ్గరికొచ్చినప్పుడు పేట ఆడవాళ్లు నీళ్లలో దిగడానికి చీర ఎగదోపుకుంటారు. గంగాలమ్మ అలాగే ఎగదోపుకుని, ఆ గచ్చు మీద ఒక అడుగు ముందుకేసింది.

"ఇంత ఆలీసమేటి?" అంది.