మైకులో మొదటి పేరు

డోర్నకల్ స్టేషన్ ఎదుట సుఖవ్యాధుల పరీక్షా వాహనం ఉదయం నుండి నిలిచి ఉంది. ఎవరూ దాని దరిదాపులకు రాలేదు.

ఎదుటి హోటల్లో లారీ డ్రైవర్ బుచ్చి చాయ్ మీద చాయ్ తాగుతున్నాడు. గర్భిణి అయిన అతని భార్య సుక్కికి సిఫిలిస్ ఉన్నట్లు తేలింది. ఆమెకు మందు మొదలైనా, భర్త కూడా పరీక్ష చేయించుకోకపోతే వ్యాధి తిరిగి సోకి బిడ్డకు ముప్పు వస్తుందని నర్సు సరోజన హెచ్చరించింది. మహబూబాబాద్ దవాఖానలో చీటీలు రాసేవాడు బుచ్చి బావమరిది. అక్కడికి పోతే చుట్టాలందరికీ తెలిసిపోతుంది కాబట్టి ఈ వాహనమే దిక్కు. రోడ్డు దాటితే బజారంతా చూస్తుందని మాత్రం జంకుతున్నాడు.

మధ్యాహ్నం ప్రారంభోత్సవానికి వచ్చిన మిర్చి వ్యాపారి నర్సింగరావు రిబ్బను కత్తిరించి, లోపల చూసి, దిగారు. పెళ్లిళ్లలో చదివింపులు ప్రకటించే ఐలేశ్ అలవాటుగా మైకందుకున్నాడు.

"మన పెద్దమనిషి నర్సింగరావు సారు మొట్టమొదటి పరీక్ష చేయించుకున్నరు. వారికి ధన్యవాదాలు."

బజారంతా తిరిగి చూసింది. కూరగాయలు బేరమాడుతున్న ఆయన భార్య రమాదేవి కూడా.

"ఏంరా ఐలేశ్, రిబ్బను కత్తిరించిన, గంతే. సక్కగ చెప్పు," అని నర్సింగరావు కసిరారు.

"సారు చేయించుకోలేదు. వారికి గసొంటి అవసరం లేదట," అని ఐలేశ్ సవరించాడు.

వాహనంతో వచ్చిన నర్సు సరోజన మైకు తీగ పీకేసింది. "ఇగ ఎవరొస్తరు సార్? వచ్చినోళ్లకు అవసరమున్నట్టే గద."

నర్సింగరావు కొంతసేపు మీసం సవరించుకున్నారు. తరువాత చొక్కా చేయి మడిచి మళ్లీ వాహనమెక్కారు.

రమాదేవి సంచితో సహా రోడ్డు దాటి వచ్చింది. "ఏందండి గిది?"

"నువ్వు గూడ రా. ఇద్దరం చేయించుకోవాలంట."

"కాళేశ్వరం తీస్కపొమ్మంటె తీరలేదు. గీ బండి ఎక్కిస్తున్నరా," అంటూనే ఆమె ఎక్కింది.

వారు ఏ ముఖాలతో దిగుతారో చూడాలని బజారు తలుపు దాకా తోసుకొచ్చింది. సరోజన ఆ గుంపునే వరుసగా నిలబెట్టింది. ఒకసారి నిలబడ్డాక వెనక్కి పోవడమే అనుమానాస్పదం. ఆ వరుస మధ్యలో, గుంపులో కలిసి వచ్చిన బుచ్చి.

సాయంత్రం గడపలోనే సుక్కి అడిగింది. "ఎవలన్న చూసిన్రా?"

"నన్నెవలు చూస్తరు? అందరు సారునే చూసిన్రు."

"మందిచ్చిన్రా మరి?"

"సూదిచ్చిన్రు," అన్నాడు బుచ్చి, కుర్చీ పక్కకు జరిపి నిలబడే అన్నం కలుపుకుంటూ. "రేపు లారీ ఎట్ల నడపాల్నో సమజైతలేదు."