మార్పూ పరిగెలూ

పద్మకుమారి అలిగి పుట్టింటికి వెళ్ళి నెల దాటింది. కారణం ఆవాలు. ఆమెది పాతపట్నం. ఒరిస్సా గాలి తగిలిన ఊరు కనక అక్కడ చేపల కూరలో ఆవ నూరి వేస్తారు. అత్త లక్ష్మీనరసమ్మ ఆ కూరని పెరట్లో పారబోసి, "సేపలకి ఆవేటే, ఊరగాయ పెడతన్నావా?" అంది. "మా అమ్మ ఇలాగే వండుతాది," అంది కోడలు. మాట అమ్మల దాకా వెళ్ళాక ఇక ఏ కూర వండీ లాభం లేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కేసింది.

మధ్యలో నలిగినవాడు జగన్నాధం. గజపతినగరంలో కరెంటాఫీసు గుమాస్తా, తల్లికి ఒక్కడే కొడుకు. వేరుకాపురం పెట్టమని మామగారు కబురు చేశాడు. ఒక్కగానొక్క కొడుకు తల్లినుంచి పొయ్యి వేరు చేశాడంటే నలుగురిలో తలెత్తుకోలేడు. పెళ్ళాం లేకుండా ఉండనూ లేడు. చివరికి పద్మకుమారే ఒక మెట్టు దిగింది. శుక్రవారం వస్తాననీ, కుదిరితే ఉంటాననీ, లేకపోతే సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయి మళ్ళీ రాననీ తమ్ముడి చేత చెప్పించింది.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం. ఆ వారమే జగన్నాధం కళ్ళు చూపించుకోడానికి విశాఖపట్నం వెళ్ళాడు. డాక్టరు గదిలో గాజు తొట్టి ఉంది, అందులో రంగురంగుల చేపలు తిరుగుతున్నాయి. "వీటిని చూస్తూ కూర్చుంటే ఎంత కోపమైనా దిగిపోతుంది," అన్నాడు డాక్టరు. డాక్టరు నోట ఏది వచ్చినా మందే అని జగన్నాధం నమ్మకం.

పటాలు కట్టే ఎర్రన్న చేత గాజు తొట్టి కట్టించాడు. దేవుళ్ళ పటాలు తప్ప ఇంకేమీ కట్టి ఎరగని ఎర్రన్న, గోడకి తగిలించుకోడానికి తొట్టి వెనక రెండు కొక్కేలు కూడా పెట్టాడు. ఇక చేపలు కావాలి. రంగు చేపలు మన సంతలో దొరకవు కనక, చేపల బుల్లమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"బుల్లమ్మా, ఏ చేపకి ఏ చేప పడతాది?"

ఇంత శ్రద్ధగా అడిగిన మగవాణ్ణి బుల్లమ్మ అంతవరకూ చూడలేదు. "కొర్రమేనుకి ఇంకోటి పడదు బాబూ, దాన్ని ఒంటిగానే ఉంచాల. మార్పుకీ పరిగెలకీ బాగా పడతాది."

మార్పంటే నున్నటి నల్ల చేప, మీసాలుంటాయి. పరిగెలంటే వేలెడేసి తెల్ల చేపలు.

"ఒకదానివల్ల ఒకటి పాడవదు కదా?"

"పాడవడమేటి. పరిగెలకి ముల్లు, మార్పుకి కండ. ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మరి ఏరలేవు."

ముల్లున్నదీ లేనిదీ కలిసిపోతాయనేసరికి జగన్నాధానికి ప్రాణం లేచొచ్చింది. బతికున్నవే కావాలన్నాడు. తిండి తెలిసిన మనిషని బుల్లమ్మ మెచ్చుకుంది.

ఇంట్లో తొట్టిని చూసి లక్ష్మీనరసమ్మ, "తినీ సేపలకి మనం తిండి పెట్టడమేట్రా," అంది. అంటూనే పీట లాక్కుని దాని ముందు కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడేదాకా లేవలేదు. మందు పనిచేస్తోందనుకున్నాడు కొడుకు.

తెల్లారి చూస్తే తొట్టిలో మార్పు ఒక్కటే ఉంది. అడుగున కదలకుండా, పెళ్ళి భోజనం చేసినట్టు పడుకుంది.

"పరిగెలేవమ్మా?"

"ఉన్నాయి," అని లక్ష్మీనరసమ్మ మార్పు పొట్ట చూపించింది.

జగన్నాధం బుల్లమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "పడతాయన్నావు."

"కూరకి బాబూ," అంది బుల్లమ్మ. కూరకి కాక మరి దేనికి పడాలో ఆమెకి తోచలేదు. పక్కనే ఉన్న మొగుడు గంగులు కూడా కల్పించుకుని, "ఎందుకు పడవు బాబూ, మా వల్లో రెండూ ఒక్కసారే పడతాయి," అన్నాడు.

ఈసారి పరిగెలు మాత్రమే తెచ్చుకున్నాడు. మార్పుని లక్ష్మీనరసమ్మ పులుసు పెట్టేసింది.

శుక్రవారం పద్మకుమారి వచ్చింది. సంచీ గుమ్మం పక్కనే ఉంచి తొట్టికి ఇవతల కూర్చుంది. అవతల అత్త. పరిగెలు అన్నీ కలిసి అటు వెళ్ళి, అన్నీ కలిసి ఇటు వస్తున్నాయి. జగన్నాధం నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఇవి కొట్టుకోవా అత్తా?"

"ఇవి కొట్టుకోవు. ముందో మార్పుండీది. అదీ ఎవర్నీ ఏటీ అన్లేదు, మింగేసిందంతే." లక్ష్మీనరసమ్మ పీట తొట్టికి దగ్గరగా జరుపుకుంది. "దాని తప్పేటున్నాది. దాని తిండి అది. తొట్టి ఒకటే అయిపోనాది, అదీ గొడవ."

కోడలు తలెత్తి చూసింది. అత్త మాత్రం కొడుకు వైపు తిరిగింది. "ఒరే, పెరటి వసారాలో మూడు రాళ్ళు పెట్టు. పద్మ అక్కడ వండుకుంటాది."

"ఊరేమంటుందమ్మా?"

"ఊరొచ్చి వండుతాదేటి?"

పద్మకుమారి లేచి సంచీ లోపల పెట్టింది. ఆ రాళ్ళు మోస్తున్నప్పుడు జగన్నాధానికి నిజంగా ఏడుపొచ్చింది.

సాయంత్రం రెండు పొయ్యిలూ వెలిగాయి. అతను రెండింటికీ నడుమ, పెరటి గుమ్మంలో నిలబడిపోయాడు.

"నీకక్కడ వండుతున్నాది. ఎల్లు," అంది తల్లి.

"మరి నువ్వెప్పుడు తింటావు?"

"ఆకలేసినప్పుడు. ఇన్నాళ్ళూ నువ్వొచ్చీదాకా సూసి తినీదాన్ని. ఇంక సూడక్కర్లేదు."

వరమిచ్చిందో శిక్ష వేసిందో అతనికి అంతుపట్టలేదు. ఇల్లు నిలబడినందుకు సంతోషించాలి, సంతోషించాడు కూడా. కానీ కాలు కదల్లేదు. అతను కదిలేదాకా ఆగకుండా లక్ష్మీనరసమ్మ కంచం ముందుకి లాక్కుని, అతను పుట్టాక మొదటిసారి, అతనికంటే ముందు ముద్ద నోట్లో పెట్టుకుంది.